ఎక్స్‌రేలో కనబడని దెబ్బ

కాలు మడతపడి ఆస్పత్రికి వెళ్ళొచ్చినవాళ్ళ ఇంట్లో మొట్టమొదట వినబడే మాట "అమ్మయ్య, ఎముక విరగలేదట!" అన్నది. ఆ ఒక్క మాటతో ఇంటిల్లిపాదీ తేలికపడతారు. ఎక్స్‌రే ఫిల్ము బీరువా పైకెక్కుతుంది. నొప్పి మాత్రలు అయిదు రోజులు వేసుకుని, ఆరో రోజు నుంచి ఆ మనిషి కుంటుకుంటూనే పనుల్లో పడతాడు. ఎముక విరిగి ఉంటే పిండికట్టు వేసేవారు, నెలన్నర సెలవు దొరికేది, చూడ్డానికి చుట్టాలు పళ్ళు పట్టుకుని వచ్చేవారు. విరగలేదు కాబట్టి ఆ కాలికి ఏ మర్యాదా లేదు.

నేను హోసూరులో పుట్టి, బెంగుళూరులో చదువుకుని, ముప్ఫై ఏళ్ళుగా ఈ రెండు ఊళ్ళ మధ్యే ఫిజియోథెరపీ చేస్తున్నదాన్ని. నా దగ్గరకు తెలుగువాళ్ళు, కన్నడిగులు, తమిళులు అందరూ వస్తారు. భాష మారుతుంది గానీ కథ మారదు: "ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు మేడం, మరి ఎందుకు తగ్గడం లేదు?" ఏమీ లేదన్న ఆ కాలిని చేతిలోకి తీసుకుని చూస్తే, అప్పుడప్పుడూ లోపల పూర్తిగా తెగిన లిగమెంటు ఉంటుంది. ఎక్స్‌రే అబద్ధం చెప్పలేదు. అది ఎముకలను చూపించే యంత్రం. ఎముక సంగతి అడిగితే ఎముక సంగతి చెప్పింది. ఎముకలను పట్టి ఉంచే వాటి సంగతి దానికి తెలియదు, మనం అడగలేదు.

నరం అంటే ఏ నరం?

మన భాషలో ఒక ఇబ్బంది ఉంది. ఒంట్లో తాడులా తగిలే ప్రతిదాన్నీ మనం నరం అనేస్తాం. జివ్వుమని లాగే నాడీ నరమే, చేతి మీద పచ్చగా కనబడే రక్తనాళమూ నరమే, మడమ వెనక గట్టిగా తగిలే పీచూ నరమే. కన్నడంలో నర, తమిళంలో నరంబు. వాళ్ళదీ ఇదే తంతు. ఇక కాలు మడతపడితే మనకు బెణుకు, కన్నడిగులకు ఉళుకు, తమిళులకు సుళుక్కు. మా హోసూరు ఇళ్ళలో అన్నీ కలగలిసి "కాలు ఉళికిండాదక్కా, నరం తప్పిండాది" అంటారు. మాట ఏదైనా దాని వెనక ఊహ ఒకటే. లోపల ఏదో చోటు తప్పింది, తెలిసినవాళ్ళు పట్టి లాగితే మళ్ళీ చోటికి వచ్చేస్తుంది అని. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తొక్కించుకోవడం దగ్గర్నుంచి ఆముదం రాసి నీవించుకోవడం దాకా మన ఇంటివైద్యాలు చాలావరకు ఈ ఊహ మీదే నిలబడ్డాయి.

కానీ మామూలు బెణుకులో చోటు తప్పేది ఏమీ ఉండదు. తెగేది ఉంటుంది. తలుపును గుమ్మానికి పట్టి ఉంచే బందు లాంటిది లిగమెంటు. అది ఎముకనూ ఎముకనూ కలిపి కడుతుంది. అదే తలుపును లాగే తాడు లాంటిది టెండాన్. అది కండను ఎముకతో కలుపుతుంది. రెండూ సన్నని పోగులతో పేనినవే. ఆ పోగులు కొన్ని సాగితే చిన్న దెబ్బ, సగం తెగితే పెద్ద దెబ్బ, మొత్తం తెగితే కీలుకు బందే లేదు. ఇందులో ఒక మాయ ఉంది. సగం తెగినప్పటికంటే పూర్తిగా తెగినప్పుడు ఒక్కోసారి నొప్పి తక్కువగా ఉంటుంది. లాగడానికి అక్కడ ఏమీ మిగలదు కదా! కాబట్టి "నొప్పి పెద్దగా లేదు, అంటే దెబ్బ పెద్దది కాదు" అనుకోవడానికి వీల్లేదు.

తెగినచోట నూనె పోసి రుద్దితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. చిరిగిన చీరను గట్టిగా ఉతికితే ఏమవుతుందో అదే.

చీలమండ

కాలి దెబ్బలన్నిటిలోకీ తరచుగా తగిలేది ఇదే. బెంగుళూరు ఫుట్‌పాత్ మీద ఒక రాతిపలక పైకి లేచి ఉంటుంది, పక్కది కిందికి దిగి ఉంటుంది. లేదా కదులుతున్న బస్సులోంచి దిగుతాం. పాదం లోపలికి మడతపడుతుంది, ఒళ్ళంతా దాని మీద పడుతుంది. చీలమండ బయటి వైపు ఎముకకు ముందు భాగాన రెండు సెంటీమీటర్ల చిన్న లిగమెంటు ఒకటుంది. ముందుగా బలయ్యేది పాపం అదే. సాయంత్రానికి అక్కడ కోడిగుడ్డంత వాపు, మూడోరోజుకి మడమ చుట్టూ నీలం.

ఇలాంటప్పుడు అసలు ఎక్స్‌రే ఎవరికి కావాలి? కెనడాలోని ఒట్టావా నగరపు వైద్యులు 1992లో దీనికి ఒక లెక్క కట్టారు. చీలమండకు రెండు పక్కలా పొడుచుకు వచ్చిన ఎముకల వెనక అంచున, కింది కొస నుంచి ఆరు సెంటీమీటర్ల మేర, వేలితో నొక్కి చూడాలి. పాదం బయటి అంచు మధ్యలో ఉబ్బెత్తుగా తగిలే ఎముకనూ, లోపలి వైపు వంపు మీదున్న ఎముకనూ నొక్కి చూడాలి. ఈ చోట్లలో ఎక్కడైనా ఎముక మీదే నొప్పి ఉన్నా, దెబ్బ తగిలిన వెంటనేనూ ఆస్పత్రికి చేరాకనూ కూడా నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. ఇవేవీ లేకపోతే ఎముక విరిగి ఉండడం చాలా అరుదు. ప్రపంచమంతా ఈ లెక్కను వాడుతోంది. చిన్నపిల్లలకూ, మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకూ మాత్రం దీన్ని నమ్ముకోకండి.

ఐసు పెట్టాలా, కాపడం పెట్టాలా అన్నది ప్రతి ఇంట్లోనూ వచ్చే తగువు. అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ 1978లో ఒక పుస్తకంలో నాలుగు ముక్కల సూత్రం చెప్పాడు: విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం. ప్రపంచమంతా దాన్ని మంత్రంలా జపించింది. అదే పెద్దమనిషి 2014లో, ఐసూ పూర్తి విశ్రాంతీ మానడాన్ని ఆలస్యం చేయవచ్చునని తానే రాశాడు. చెప్పినవాడే వెనక్కి తీసుకోవడం వైద్యంలో అరుదు, నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. నేను చెప్పేది ఇదీ: మొదటి ఒకటి రెండు రోజులు నొప్పి భరించలేకపోతే ఐసును గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టుకోండి, తప్పులేదు. సాగే బ్యాండేజీ చుట్టండి. పడుకున్నప్పుడు కాలి కింద రెండు దిళ్ళు పెట్టండి. మొదటి మూడు రోజులు ఉప్పు కాపడం, ఇసుక కాపడం, మాలీషు మూడూ వద్దు. వాటివల్ల లోపలి రక్తస్రావం ఎక్కువవుతుంది. మూడో రోజు నుంచి పాదాన్ని మెల్లగా పైకీ కిందికీ ఆడించడం మొదలుపెట్టండి, భరించగలిగినంత బరువు వేసి నడవండి. మామూలు బెణుక్కి నెలన్నర పిండికట్టు వేసే రోజులు పోయాయి. కదలని కాలు కర్రలా తయారవుతుంది.

ఇక్కడ పుత్తూరు కట్టు గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. చెన్నై నుంచి తిరుపతి వెళ్ళే దారిలో ఉన్న ఆ ఊరికి మా హోసూరు నుంచీ, బెంగుళూరు నుంచీ, తమిళనాడు నుంచీ తరాలుగా జనం వెళుతూనే ఉన్నారు. ఆకుమందు పూసి, గుడ్డ చుట్టి, బద్దలు పెట్టి కట్టే ఆ కట్టును వెక్కిరించేవాళ్ళలో నేను లేను. దెబ్బ తిన్న చోటును కదలకుండా కట్టి ఉంచాలన్న సూక్ష్మం వాళ్ళకు మనకంటే ముందే తెలుసు. అయితే రెండు సంగతులు మాత్రం గట్టిగా చెబుతాను. కట్టు ఎవరు కట్టినా సరే, ఆస్పత్రిలో వేసిన పిండికట్టైనా సరే, కాలివేళ్ళు నీలమైనా, చల్లబడినా, తిమ్మిరెక్కినా ఆ రాత్రే విప్పించాలి. తెల్లారాక చూద్దామనుకుంటే కాలే పోవచ్చు. రెండోది, మోకాలి లోపల పూర్తిగా తెగిన లిగమెంటును బయటి కట్టుతో అతికించడం సాధ్యం కాదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

చీలమండకు వాపు తగ్గితే పని అయిపోయిందనుకుంటాం. అసలు పని అప్పుడే మొదలు. లిగమెంటు ఉత్త తాడు కాదు. దానిలో సన్నని నాడీ తంతులు ఉంటాయి. పాదం ఏ వాలులో ఉందో మెదడుకు క్షణక్షణం కబురు పంపేవాటిలో అవీ ఉన్నాయి. లిగమెంటు తెగినప్పుడు ఆ కబురు కూడా తెగుతుంది. అందుకే ఒకసారి బెణికిన కాలు మళ్ళీ మళ్ళీ బెణుకుతుంది. "నాది వీక్ కాలండీ, ఎప్పుడూ ఇదే మడతపడుతుంది" అనేవాళ్ళ కాలు పుట్టుకతో బలహీనమైనది కాదు. మొదటి బెణుకు తర్వాత దానికి ఎవరూ చదువు చెప్పలేదు, అంతే.

కూచిపూడి నేర్చుకునే పద్నాలుగేళ్ళ అమ్మాయిని రంగప్రవేశానికి నెల ముందు తీసుకొచ్చారు. చీలమండ బెణికి మూడు వారాలైంది, వాపు లేదు, నొప్పి లేదు. తల్లి ధైర్యంగానే ఉంది. ఆ పిల్లను మంచి కాలి మీద నిలబెట్టి కళ్ళు మూసుకోమన్నాను, అరనిమిషం కదలకుండా నిలబడింది. బెణికిన కాలి మీద నిలబెట్టాను. నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు నా భుజం పట్టుకుంది. ఆ అమ్మాయి చేయబోయేది తరంగం. ఇత్తడి పళ్ళెం అంచుల మీద పాదాలు, తల మీద నీళ్ళ చెంబు! గురువుగారు పెద్దమనసుతో రంగప్రవేశం రెండు నెలలు వాయిదా వేశారు. కార్డులు అచ్చైపోయాయని తండ్రి చాలా బాధపడ్డాడు. ఆ రెండు నెలలూ పిల్ల చేసింది పెద్ద విద్యేమీ కాదు. పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడడం, తర్వాత కళ్ళు మూసుకుని, ఆ తర్వాత దిండు మీద, చివర బంతి పట్టుకుంటూ. తరంగం చూడ్డానికి నన్నూ పిలిచారు. పళ్ళెం అంచు నుంచి ఆ పాదం ఒక్కసారి కూడా జారలేదు.

ఈ ఒంటికాలి కసరత్తు ఏ వయసువాళ్ళైనా చేయవచ్చు. పెద్దవాళ్ళు మాత్రం గోడ పక్కన, వంటగట్టు పట్టుకునే వీలున్నచోట చేయండి. కనీసం ఆరు వారాలు.

మోకాలు

మోకాలిది వేరే లోకం. దాని మధ్యలో కత్తెర గుర్తులా ఒకదాన్నొకటి దాటే రెండు లిగమెంట్లున్నాయి. ముందుదాన్ని ఆటగాళ్ళు ఏ.సి.ఎల్. అంటారు. కాలు నేల మీద పాతుకుని ఒళ్ళు తిరిగినప్పుడు ఇది తెగుతుంది. ఎవరో వచ్చి గుద్దితేనే తెగుతుందనుకోకండి. చాలామందికి ఎవరూ ముట్టుకోకుండానే తెగుతుంది. దూకి దిగేటప్పుడు, పరుగు ఆపేటప్పుడు, పక్కకు తిరిగేటప్పుడు. మన దేశంలో దీనికి ఇంకో పెద్ద కారణం స్కూటరు. బండి పక్కకు వాలుతుంటే ఆపడానికి కాలు ఆనిస్తాం, బండి బరువంతా మోకాలిని మెలిపెడుతుంది.

కబడ్డీ ఆడే అమ్మాయి ఒకర్తె, పి.యు.సి. మొదటి ఏడు. కూతకు వెళ్ళి గీత వైపు తిరుగుతుంటే మోకాల్లో "టప్" మని శబ్దం వినిపించిందట. పక్కనున్న పిల్లలకు కూడా వినబడిందట. గంటలో మోకాలు బంతిలా ఉబ్బింది. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి, ఏమీ లేదని కట్టు కట్టి పంపారు. పదిరోజులకు వాపు దిగింది. ఇంట్లో మూడు వారాలు నూనెతో మాలీషు. మెట్లు దిగేటప్పుడు మోకాలు హఠాత్తుగా జారిపోతున్నట్టు ఉందని పిల్ల రెండుసార్లు చెప్పిందట, బలం లేక అనుకున్నారు. ఇంతలో జిల్లా సెలక్షన్లు వచ్చాయి. వెళ్ళింది, ఆడింది, పడింది. ఈసారి కాలు చాపడానికి రాలేదు. తండ్రి భుజం మీద చెయ్యేసి నా దగ్గరికి వచ్చినప్పుడు మోకాలు అలాగే సగం మడిచే ఉంది.

"ఎముకకి ఏమీ కాలేదక్కా, ఇదిగో ఫిల్ము," అన్నాడాయన. ఆరు వారాల కిందటి ఫిల్మును జాగ్రత్తగా తెచ్చాడు.

ఎమ్.ఆర్.ఐ. తీస్తే ఏ.సి.ఎల్. పూర్తిగా తెగి ఉంది. అది మొదటి దెబ్బ. దానికితోడు మోకాలి మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగి, ఆ చిరిగిన ముక్క కీలు సందులో తలుపు కింద గుడ్డ ఇరుక్కున్నట్టు ఇరుక్కుంది. అది రెండో దెబ్బ. మొదటిదానికి విరుగుడు ఉంది. తొడ వెనక టెండాన్ తీసి కొత్త లిగమెంటు అల్లుతారు, అల్లారు కూడా. మెనిస్కస్ సంగతి అలా కాదు. దాని బయటి అంచుకే రక్తం అందుతుంది. లోపలి భాగానికి రక్తం లేదు, కుట్టినా అతకదు. ఆ ముక్కను తీసేశారు. పదిహేడేళ్ళ పిల్ల మోకాల్లో మెత్త తగ్గిపోయింది. నలభై ఏళ్ళకే అరిగిన కీలు వచ్చే ప్రమాదం దాంతో పెరిగింది. మొదటి దెబ్బను ఆ పదిరోజుల తర్వాత ఎవరైనా చేత్తో పట్టి చూసి ఉంటే రెండో దెబ్బ తగిలేది కాదు.

చేత్తో పట్టి చూడడం అంటున్నాను కదా, అది నిజంగా అంతే. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు కొంచెం మడిచి, ఒక చేత్తో తొడ పట్టుకుని ఇంకో చేత్తో కింది కాలిని ముందుకు లాగి చూస్తాం. లిగమెంటు ఉంటే ఠక్కున ఆగుతుంది. లేకపోతే ఆగకుండా ముందుకు వస్తుంది. ఫిలడెల్ఫియాలో జాన్ లాక్‌మన్ అనే ఆచార్యుడు విద్యార్థులకు నేర్పిన పరీక్ష ఇది, 1976లో ఆయన శిష్యుడు దీన్ని లోకానికి ప్రకటించాడు. అరనిమిషం పని. కానీ దెబ్బ తగిలిన రోజున మోకాలు నిండా రక్తం, రోగి ముట్టుకోనివ్వడు, కండలు బిగుసుకుపోయి ఉంటాయి. ఆ రోజు పెద్ద డాక్టరుకైనా సరిగ్గా తెలియకపోవచ్చు. అందుకే నేను మళ్ళీ మళ్ళీ చెప్పే మాట: మొదటిరోజు ఆస్పత్రికి వెళ్ళడం ఎంత ముఖ్యమో, వాపు దిగాక, ఏడు నుంచి పది రోజుల మధ్య, రెండోసారి వెళ్ళడం అంతే ముఖ్యం. మన వాళ్ళు వెళ్ళనిది ఆ రెండోసారే.

వెళ్ళినప్పుడు డాక్టరుగారికి ఏం చెప్పాలో కూడా గుర్తుంచుకోండి. దెబ్బ తగిలినప్పుడు శబ్దం వినబడిందా. వాపు గంట రెండు గంటల్లో వచ్చిందా, మర్నాడు వచ్చిందా. గంటల్లో వస్తే లోపల రక్తం చేరిందని అర్థం, లిగమెంటును అనుమానించాలి. మెల్లగా మర్నాటికి వస్తే మెనిస్కస్ కావచ్చు. మెట్లు దిగేటప్పుడు, తిరిగేటప్పుడు మోకాలు జారుతోందా. ఎప్పుడైనా మడిచినచోటే ఇరుక్కుపోతోందా. ఈ నాలుగు ముక్కలు ఎమ్.ఆర్.ఐ. కంటే ముందు సగం రోగాన్ని చెప్పేస్తాయి.

తెగిందని తెలిస్తే ఆపరేషన్ తప్పదా? తప్పదని చాలామంది అనుకుంటారు. స్వీడన్‌లో ఆటలాడే 121 మంది యువతీ యువకుల మీద చేసిన పరిశీలన ఒకటి 2010లో వచ్చింది. సగం మందికి ముందే ఆపరేషన్ చేశారు. మిగతా సగానికి కసరత్తు చేయించి, అవసరమైతేనే తర్వాత చేశారు. అయిదేళ్ళు గడిచేసరికి ఈ రెండో జట్టులో సుమారు సగం మందికి ఆపరేషన్ అవసరమే పడలేదు, మోకాళ్ళ స్థితిలోనూ రెండు జట్లకూ పెద్ద తేడా లేదు. కాబట్టి ఆఫీసు పని, ఇంటి పని చేసుకునేవాళ్ళు, మోకాలు జారనివాళ్ళు తొందరపడనక్కర్లేదు. కబడ్డీ, బ్యాడ్మింటన్, ఫుట్‌బాల్ లాంటి మలుపుల ఆటలకు తిరిగి వెళ్ళాలనుకునేవాళ్ళ సంగతి వేరు. ఇరుక్కున్న మెనిస్కస్ సంగతీ వేరు, అది ఆగదు.

మలుపుల ఆట అంటే మన పుల్లెల గోపీచంద్ గుర్తుకు రాక మానడు. 1994లో పుణే జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా ఆయన మోకాలి లిగమెంటు తెగింది. ఆ వయసులో అది ఆట ముగింపు అని చాలామంది అనుకున్నారు. ఆపరేషన్లు, నెలల తరబడి కసరత్తు. బెంగుళూరులో ప్రకాశ్ పడుకోణె దగ్గర సాధన. 1996లో జాతీయ ఛాంపియన్ అయ్యాడు, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ఈ కథను పిల్లలకు చెప్పేటప్పుడు దెబ్బకూ గెలుపుకూ మధ్య ఉన్న ఏడేళ్ళను కూడా చెప్పండి. ఆపరేషన్ తర్వాత కనీసం తొమ్మిది నెలలు ఆగకుండా ఆటలోకి దిగితే మళ్ళీ తెగే ప్రమాదం చాలా ఎక్కువ. మూడో నెలకే "నొప్పి లేదు కదా" అని పంపించే తండ్రులను నేను చూస్తూనే ఉన్నాను.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక ముఖ్యమైన మాట. ఒకే ఆట ఆడే మగపిల్లల కంటే ఆడపిల్లలకు ఈ లిగమెంటు తెగే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ. ఆటలు మాన్పించమని కాదు నేను చెప్పేది! దూకినప్పుడు మోకాళ్ళు ఒకదానికొకటి తగలకుండా, మెత్తగా, మోకాలు మడిచి దిగడం నేర్పాలి. ఆటకు ముందు పావుగంట అలాంటి కసరత్తు చేయిస్తే ఈ దెబ్బలు దాదాపు సగానికి తగ్గుతాయని చాలా దేశాల్లో రుజువైంది. మీ పిల్ల స్కూలు డ్రిల్లు మాస్టారిని ఈ సంగతి అడగండి.

మడమ వెనక తాడు

మన సంఘాల ఉగాది, సంక్రాంతి ఆటల పోటీలు ఎంత సరదాగా ఉంటాయో నాకు తెలుసు. ఏడాదంతా కుర్చీలో కూర్చున్న నలభై అయిదేళ్ళ పెద్దమనిషి, పెళ్ళాం పిల్లలు చప్పట్లు కొడుతుంటే పరుగు పందెంలో నిలబడతాడు. విజిల్ మోగుతుంది. నాలుగో అడుగులో వెనక్కి తిరిగి "ఎవడ్రా రాయి విసిరింది?" అంటాడు. వెనక ఎవరూ ఉండరు. తెగిన అకిలిస్ టెండాన్ చేసే మాయ అది. నా దగ్గరకు వచ్చినవాళ్ళలో ఒకాయన, పక్క వరసవాడు కావాలని తన్నాడని అక్కడే గొడవ కూడా పెట్టుకున్నాడు.

పిక్క కండను మడమకు కలిపే ఈ టెండాన్ మన ఒంట్లోకెల్లా లావైనది, బలమైనది. మడమకు రెండు నుంచి ఆరు సెంటీమీటర్ల పైన దీనికి రక్తం తక్కువగా అందుతుంది. తెగేది సాధారణంగా అక్కడే. మోసం ఎక్కడంటే, ఇది తెగినా పాదం కిందికి కదులుతుంది. వేరే చిన్న టెండాన్లు ఆ పని కొంత చేస్తాయి. నడవడానికీ వస్తుంది, ఈడ్చుకుంటూ. "పాదం ఆడుతోంది, ఎముక బాగుంది, పిక్క పట్టింది" అని ఇంటికి వచ్చేస్తారు. కనిపెట్టడం మాత్రం చాలా తేలిక. మనిషిని కుర్చీ మీద మోకాళ్ళు ఆనించి, పాదాలు వెనక్కి వేలాడేలా నిలబెట్టండి. పిక్కను చేత్తో మెల్లగా నొక్కండి. మంచి కాలికి పాదం కిందికి వంగుతుంది. తెగిన కాలికి కదలదు. ఒంటికాలి మునివేళ్ళ మీద లేవమంటే లేవలేరు. ఆ వారంలోనే తెలిస్తే పాదాన్ని కిందికి వంచి బూటు వేసి, చాలామందికి ఆపరేషన్ లేకుండానే అతికించవచ్చు. నాలుగు వారాలు దాటితే తెగిన కొసలు దూరమైపోతాయి, అప్పుడు పెద్ద ఆపరేషనే.

మందుల సంగతి ఒకటి. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు టెండాన్లను బలహీనపరుస్తాయి. అమెరికా ఔషధ సంస్థ 2008లో వీటి సమాచార పత్రాల్లో గట్టి హెచ్చరిక చేర్చమంది. అరవై దాటినవాళ్ళూ, స్టెరాయిడ్లు వాడేవాళ్ళూ మరీ జాగ్రత్తగా ఉండాలి. మన ఇళ్ళలో జ్వరానికీ, కడుపు చెడినప్పుడూ మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల్లో ఇవీ ఉంటాయి. అవి వాడుతున్నప్పుడు మడమ వెనక నొప్పి మొదలైతే నడకలూ పరుగులూ ఆపి డాక్టరుకు చెప్పండి.

పొద్దున్న లేచి మొదటి అడుగు వేయగానే అరికాలి మడమలో మేకు గుచ్చినట్టు ఉండడం వేరే సంగతి. అది అరికాలి కింద ఉండే పట్టీ తాలూకు జబ్బు. ఎక్స్‌రేలో ఎముక ముల్లులా పెరిగిందని భయపెడతారు గానీ ఆ ముల్లు నొప్పి లేనివాళ్ళకూ ఉంటుంది. గ్రానైటు నేల మీద చెప్పులు లేకుండా వంట చేసే ఆడవాళ్ళకు ఇది ఎక్కువగా చూస్తున్నాను. ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకోండి, పిక్కలు సాగదీసే కసరత్తు రోజూ చేయండి, నెలల మీద తగ్గుతుంది.

మాలీషు విషయంలో ఇంకో రెండు ప్రమాదాలు చెప్పి తీరాలి. తొడ కండకు గట్టిగా దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకట్టినప్పుడు దాన్ని పిసికితే, ఆ కండలో ఎముక పెరగడం మొదలుపెడుతుంది. మోకాలు మడవడమే కష్టమవుతుంది. ఇక దెబ్బేమీ తగలకుండానే, బస్సులోనో విమానంలోనో చాలాసేపు కూర్చున్నాకనో, పిండికట్టు వేశాకనో ఒక పిక్క వాచి, వేడెక్కి, నొప్పిగా ఉంటే అది బెణుకు కాదు. నాళంలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. రుద్దితే ఆ గడ్డ ఊపిరితిత్తులకు వెళుతుంది. అలాంటప్పుడు నా దగ్గరకు కూడా రావద్దు, నేరుగా ఆస్పత్రికి వెళ్ళండి. కీలు ఎర్రగా కాలిపోతూ జ్వరం వచ్చినా అంతే.

ఈసారి పోటీలకు ముందు మా సంఘం వారితో మాట్లాడాను. పరుగులకు ముందు పావుగంట నడక, మెల్లని పరుగు, పిక్కల కసరత్తు నేనే చేయిస్తానన్నాను, ఒప్పుకున్నారు. నలభై దాటినవాళ్ళకు వంద మీటర్ల పందెం తీసేసి నిమ్మకాయ చెంచా పందెం పెట్టమన్నాను, మగవాళ్ళు ఒప్పుకోలేదు. కనీసం ఆ పందెం పులిహోర, బొబ్బట్ల భోజనం తర్వాత కాకుండా ముందు పెట్టమని అడిగాను. భోజనాల కమిటీ వాళ్ళు ఆలోచిస్తామన్నారు.